సలాబాయి చెప్పిన మాట

గిరిజనుల తాగుడు గురించి మన సంఘాల్లో ప్రస్తావన వస్తే రెండే రకాల మాటలు వినిపిస్తాయి. "పాపం, చదువు లేక తాగుతారు" అనేది ఒకటి. "అది వాళ్ళ సంస్కృతి, మనం వేలు పెట్టకూడదు" అనేది రెండోది. మొదటిది చందాలు పోగుచేయడానికి పనికొస్తుంది, రెండోది ఎగ్గొట్టడానికి. ఈ రెండు మాటలకీ జవాబు చెప్పే పుస్తకం ఒకటుంది. డేవిడ్ హార్డిమన్ రాసిన 'ది కమింగ్ ఆఫ్ ద దేవి'. 1987లో వచ్చింది, పాతదే. కానీ మన ఏజెన్సీ గ్రామాలకు డబ్బు పంపే కుటుంబాలు చదవదగ్గది.

కథ దక్షిణ గుజరాత్‌ది. 1922 నవంబరులో అక్కడి ఆదివాసీలు వేల సంఖ్యలో ఊరూరా గుమిగూడారు. సలాబాయి అనే దేవి పూనిందన్నారు. పూనకం వచ్చినవాళ్ళ నోట ఆవిడ ఆజ్ఞలు వెలువడ్డాయి: సారా, కల్లు మానండి, మాంసం మానండి, రోజూ స్నానం చేయండి, పార్శీల దగ్గర పనికి వెళ్ళకండి. ఈ చివరి ఆజ్ఞ దగ్గరే మనం ఆగాలి. తాగుడు మానమన్న దేవి పార్శీల ఊసెందుకు ఎత్తింది?

హార్డిమన్ ఆ ముడి విప్పిన తీరే పుస్తకానికి ప్రాణం. 1878 నాటి బొంబాయి అబ్కారీ చట్టం వచ్చేవరకూ ఇప్పపువ్వుతో ఇంట్లో కాచుకున్న సారా, చెట్టునుంచి దింపుకున్న కల్లు ఆదివాసీల సొంతం. చట్టం తర్వాత అది దుకాణం సరుకైంది. దుకాణదారు పార్శీ. అప్పిచ్చేదీ అతనే, క్రమంగా భూమి చేజిక్కించుకున్నదీ చాలాచోట్ల అతనే. అంటే తాగుడు మానడమంటే ఆ దుకాణదారు గుప్పిట్లోంచి బయటపడటం. పై కులాల అలవాట్లను అనుకరించారని తేల్చేయడం సామాజిక శాస్త్రంలో తేలిక దారి. హార్డిమన్ ఆ దారి తొక్కలేదు. ఆదివాసీలు పెద్దవాళ్ళ విలువలను తీసుకుని ఆ పెద్దరికం మీదే తిప్పికొట్టారంటాడు. నాకు ఈ వాదన సబబుగా తోచింది.

పక్కన మన రంప కథను పెట్టి చూడండి. 1879లో గోదావరి ఏజెన్సీలో తిరుగుబాటు లేవడానికి ఒక ముఖ్య కారణం కల్లే. ఇంటి వాడకానికి గీసుకునే కల్లును కూడా సర్కారు గుత్తేదార్ల చేతిలో పెట్టింది. దానికి తోడు ముఠాదార్ల మీద చిగురు పన్ను. అక్కడ కల్లు కోసం తిరగబడ్డారు, నలభై మూడేళ్ళ తర్వాత గుజరాత్‌లో కల్లును వదిలేశారు. పైకి ఎదురుబొదురుగా కనిపిస్తాయి గానీ తగువు ఒకటే: చెట్టు ఎవరిది, నిర్ణయం ఎవరిది? అదే 1922 ప్రాంతాల్లో అల్లూరి సీతారామరాజు మన్యంలో తాగుడు మానమని, తగువులు పంచాయతీల్లోనే తీర్చుకోమని చెప్పడం కూడా ఈ వెలుగులో కొత్తగా కనిపిస్తుంది.

పుస్తకానికి లోటు లేకపోలేదు. సారాను రాజకీయంగా చూసినంత శ్రద్ధగా జబ్బుగా చూడలేదు. ఏళ్ళ తరబడి విపరీతంగా తాగినవాడు ఒక్కసారిగా మానితే మూర్ఛలు రావచ్చు, మతి చలించవచ్చు, ప్రాణానికీ ముప్పే. దేవి ఆజ్ఞ విన్న మర్నాడు అలాంటివాళ్ళ గతేమిటో ఈ పుటల్లో నాకు దొరకలేదు.

ఆ లోటు తెలిసి పనిచేసినవాళ్ళు మహారాష్ట్రలోని గడ్చిరోలిలో ఉన్నారు. ప్రాణహిత అవతలి ఒడ్డే, సిరొంచలో తెలుగు మాట్లాడతారు. డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు స్థాపించిన 'సెర్చ్' సంస్థ అక్కడ ఉంది. ప్రజల ఉద్యమం తర్వాత ఆ జిల్లాలో 1993లో మద్యనిషేధం వచ్చింది. చట్టం ఒక్కటే చాలలేదు గనకే 2016లో ప్రభుత్వం, టాటా ట్రస్ట్స్‌తో కలిసి 'ముక్తిపథ్' మొదలుపెట్టారు. ఊళ్ళో సారా అమ్మకాన్ని ఆపడానికి గ్రామ సంఘాలు, అలవాటు వదలలేనివాళ్ళకు వైద్యం, రెండూ అందులో భాగమే. పొరుగునున్న చంద్రపూర్‌లో 2015లో పెట్టిన నిషేధాన్ని 2021లో ప్రభుత్వమే ఎత్తేసింది. మన రాష్ట్రంలో 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో సడలిపోయిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మద్యం అమ్మకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకో పంచాయతీకో ఉండాలని 1996 నాటి పీసా చట్టం చెబుతోంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దానికి నియమాలు 2011లో గాని రాలేదు. ఇక్కడినుంచి మనం డబ్బు పంపే "అవగాహన సదస్సు"ల ప్రణాళికల్లో బ్యానర్లు, భోజనాల లెక్కలుంటాయి. గ్రామసభ తీర్మానం ఊసుండదు. తాగుడు చెడ్డదని గిరిజన స్త్రీకి మనం చెప్పాలా?

హార్డిమన్ పుస్తకంలో నాకు అన్నిటికంటే నచ్చినది ఓటమిని దాచకపోవడం. కొన్నాళ్ళకు కొందరు మళ్ళీ కల్లు ముట్టారు. మానినవాళ్ళను వర్జేలా అని, తిరిగి మొదలెట్టినవాళ్ళను సర్జేలా అని పిలిచారు. ఊళ్ళు రెండుగా చీలాయి. ఉద్యమ చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా వర్జేలాలతోనే కథ ముగిస్తారు. ఈయన సర్జేలాల గుమ్మాల దాకా కూడా వెళ్ళాడు.