బిట్టు–మీటరు: ఒక లెక్కలోని పనితనం

కావేరిపట్టణం నుంచి కృష్ణగిరి దాకా ఒక్క సెల్ టవరూ లేదనుకోండి. మామిడి తోటల్లో, మండీల్లో, బస్టాండులో ఉన్న ఫోన్లే ఒకదాని మాట ఒకటి అందుకుని ముందుకు పంపాలి. పెత్తనానికి కేంద్రమంటూ ఉండదు. ఇదే అడ్‌హాక్ నెట్‌వర్క్. ఫోన్లు పెరిగేకొద్దీ మధ్యలో అందించేవాళ్లూ పెరుగుతారు కదా, అందరికీ లాభమే అనిపిస్తుంది. అది నిజమేనా అని లెక్క తేల్చినవారు పంగనామల రమణ కుమార్, ఆయన శిష్యుడు పీయూష్ గుప్తా.

కుమార్ 1973లో మద్రాసు ఐఐటీలో బీటెక్ చేసి అమెరికా వెళ్లారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో ఉండగా గుప్తాతో కలిసి రాసిన ‘ది కెపాసిటీ ఆఫ్ వైర్‌లెస్ నెట్‌వర్క్స్’ 2000 మార్చిలో ఐఈఈఈ వారి ఇన్ఫర్మేషన్ థియరీ పత్రికలో వచ్చింది.

మొదట కొలమానం చూడండి. ఒక బిట్టును ఒక మీటరు దూరం చేరిస్తే ఒక ‘బిట్–మీటర్’ అన్నారు. పక్కింటికి చేర్చిన బిట్టుకీ కృష్ణగిరికి చేర్చిన బిట్టుకీ ఒకే మార్కు వేయకుండా దూరాన్ని కూడా లెక్కలోకి తెచ్చిన కొలత ఇది. సగం పని ఇక్కడే అయిపోయిందని నాకనిపిస్తుంది.

మిగతా సగం పదో తరగతి జ్యామితి. వినే ఫోనుకు తనతో మాట్లాడేవాడు ఎంత దూరంలో ఉన్నాడో, అంతకంటే కొంత ఎక్కువ దూరంలోనే అదే చానెల్ మీద మాట్లాడే మిగతావాళ్లంతా ఉండాలన్నది వారి నియమం. త్రిభుజంలో రెండు భుజాల మొత్తం మూడోదానికి తగ్గదన్న సంగతిని దీనికి రెండుసార్లు తగిలిస్తే చాలు: ఒకేసారి వింటున్న ఫోన్ల చుట్టూ, వాటి వాటి గెంతు (మాట ఒక ఫోను నుంచి మరో ఫోనుకు ఒక్క దూకులో దాటే దూరం) పొడవుకు తగ్గ వృత్తాలు గీస్తే ఏ రెండూ ఒకదానిపై ఒకటి పడవు. అంటే ప్రతి సంభాషణా కొంత నేలను కబ్జా చేస్తుంది! నేల పరిమితం కనుక గెంతుల వర్గాల మొత్తానికి హద్దు పడింది. అక్కడి నుంచి గెంతుల మొత్తానికి వర్గమూలపు హద్దు. రేడియో సమస్య కాస్తా స్థలం సమస్యగా మారిపోయింది. అంచున పడిన వృత్తం సంగతేమిటని అడుగుతారేమో. అందులో కనీసం పావు వంతు లోపలే ఉంటుందని దానికీ జవాబు పెట్టుకున్నారు.

ఫలితం కఠినం. ఫోన్లను ఎంత నేర్పుగా అమర్చినా, ఒకే మేర నేలలో వాటి సంఖ్య 100 నుంచి 10,000కు పెరిగితే, దూరపు మాటలకు ఒక్కొక్కరి వాటా సుమారు పదో వంతుకు పడిపోతుంది. దూరంగా గెంతితే ఎక్కువ నేల నోరు మూసుకోవాలి. దగ్గరగా గెంతితే పరుల మాట మోయడంతోనే సరిపోతుంది. చిన్న గెంతే మేలు. కానీ ఫోన్లు ఎక్కడపడితే అక్కడ ఉంటే గెంతును మరీ కుదించలేం, ఎవరో ఒకరు ఒంటరిగా మిగిలిపోతారు. ఆ జాగ్రత్తకు చెల్లించే ధరగా హారంలోని వర్గమూలం కింద ఒక లాగరిథమ్ చేరింది. ఈ రెండో లెక్కకు చదును నేలతోపాటు గోళం ఉపరితలాన్నీ తీసుకున్నారు, గోళానికి అంచు ఉండదు కదా!

ఇంత వాటాను నిజంగా అందించగలమని చూపే నిర్మాణ భాగం మాత్రం పాఠకుణ్ని కరుణించదు. వోరొనోయ్ గడులు, వాప్నిక్–చెర్వొనెంకిస్ సిద్ధాంతం మీదపడతాయి. అయినా ఆ భాగం లేకపోతే ఇది ఉత్త హెచ్చరికగా మిగిలేది.

తర్వాతివాళ్లు ఈ లెక్కను తప్పనలేదు, షరతులను మార్చారు. ఫోన్లు తిరుగుతూ ఉంటే వాటా తగ్గనక్కర్లేదని గ్రాస్‌గ్లాసర్, త్సే చూపారు. 2007లో ఫ్రాంచెస్కెట్టి బృందం చెల్లాచెదురు అమరికలోనూ ఆ లాగరిథమ్‌ను తీసేసింది. వారి ఫలితంలో వర్గమూలం మాత్రం అలాగే ఉంది.

త్రిభుజాలు గుర్తున్నవాళ్లు ఆ వృత్తాల పేజీలు రెండైనా చదవండి. తక్కినదానికి తొందరేమీ లేదు.