పిలిస్తేనే విచ్చుకునే ఫోల్డర్ల చెట్టు

కంప్యూటర్లో ఫోల్డర్లను చెట్టులా చూపే ప్రోగ్రామ్ రాయడం, ఒక ఫోల్డర్ నుంచి మరోదానికి దారి చూపే లింకులు ఎదురయ్యేదాకా తేలికే. ఆ తర్వాతే రాసినవాడి పనితనం బయటపడుతుంది. లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ ప్రాజెక్టులో డేవిడ్ ఫోర్ 2006లో మొదలుపెట్టిన ‘కెడిర్‌మోడల్’ అలాంటి పనితనానికి చక్కని నమూనా. కేడీఈ ఫైల్ డైలాగుల్లో చెట్టు వరసను నడిపేది ఇదే.

ఉదాహరణకు ఒకే చోట రెండు ఫోల్డర్లు పెట్టుకుందాం. ‘ఆదోని’లో పత్తి మార్కెట్ లెక్కలు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఊరు కాబట్టి ‘ఎమ్మిగనూరు’లో మగ్గాల లెక్కలు. నూలు ధర చూసుకోవడానికి ఎమ్మిగనూరులో ‘పత్తి’ అనే లింకు ఆదోనికి, గిరాకీ చూసుకోవడానికి ఆదోనిలో ‘మగ్గం’ అనే లింకు ఎమ్మిగనూరుకు. ఇక దారి ఎమ్మిగనూరు/పత్తి/మగ్గం/పత్తి/మగ్గం... తెగదు. చెట్టు మొత్తం ఒక్కసారే చదవబోయే ప్రోగ్రామ్ ఇక్కడ గిరగిరా తిరుగుతుంది. చివరికి ఒకే దారిలో 40 లింకులు మించితే లినక్స్ కెర్నలే ఇక చాలని ఎర్రర్ ఇస్తుంది.

కెడిర్‌మోడల్‌కు ఆ గండమే లేదు. ఫోల్డర్ పక్కనున్న బాణం నొక్కితే ఒక్క మెట్టు మాత్రమే చదువుతుంది. లోతైన చిరునామా ఇచ్చి అక్కడిదాకా విప్పమంటే పైమెట్టు చదివి, జవాబు వచ్చాక కింది మెట్టుకు దిగుతుంది. ఈలోగా విండో బిగుసుకుపోదు.

నాకు బాగా నచ్చింది చిరునామాలను శుభ్రం చేసే చిన్న ఫంక్షన్. జంట గీతల్ని (//) ఒకటి చేస్తుంది, చివరి గీతను తీసేస్తుంది. అందుకే ‘ఆదోని/’ అన్నా ‘ఆదోని’ అన్నా ఒకే కొమ్మ. కానీ ‘ఎమ్మిగనూరు/పత్తి’ని మాత్రం ఆదోనితో కలిపేయదు. రెండూ చేరేది ఒకే ఫోల్డర్‌కైనా వేరు కొమ్మలుగానే ఉంచుతుంది. ఇదే సరైన నిర్ణయమని నా అభిప్రాయం. మనిషి ఏ దారిన వచ్చాడో తెర ఆ దారినే చూపాలి. అయితే ‘ఎమ్మిగనూరు/పత్తి/..’ దగ్గర జాగ్రత్త (‘..’ అంటే ఒక మెట్టు పైకి). అక్షరాల లెక్కన అది ఎమ్మిగనూరు; కెర్నల్ మాత్రం ఆదోనికి పైనున్న ఫోల్డర్‌కు తీసుకెళ్తుంది.

తెలుగు పేర్లతో పనిచేసేవారికి ఇంకో మాట. లినక్స్‌లో పేరుకు హద్దు 255 బైట్లు. ‘ఎమ్మిగనూరు’ ఒక్కటే 30 బైట్లు తీసుకుంటుంది.

ఈ కోడ్ ఎల్‌జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ అందుబాటులో ఉంది. ఆదోని, ఎమ్మిగనూరు కాలేజీల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న పిల్లలు సొంత చెట్టు రాయబోయే ముందు దీన్ని ఓపిగ్గా చదవండి. రాశాక మొదటి పరీక్ష ఇలాంటి లింకుల వలయంతోనే పెట్టండి.