మిగిలిన ఏళ్ల ధర

దేవరకద్ర సంతలో ఎద్దును కొనేవాడు ముందు దాని నోరు తెరిచి చూస్తాడు. రెండు పళ్లదా, నాలుగు పళ్లదా, నోరు నిండిందా అని చూసుకున్నాకే బేరంలోకి దిగుతాడు. అమ్మేవాడు దాన్ని ఎంతకు కొన్నాడు, ఎంత దాణా పెట్టాడు అన్నది అతనికి పట్టదు. ఇంకా ఎన్నేళ్లు కాడి మోస్తుందన్నదే అతని లెక్క. ధర కట్టే విద్యలో నేను నేర్చుకున్న మొదటి పాఠం అది. బ్యాంకు ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ పొలాలకు, ట్రాక్టర్లకు, బంగారానికి విలువ కట్టాను. రిటైరయ్యాక నా దగ్గరికి వేరే రకం కాగితాలు వస్తున్నాయి. అవి హాలిడే మెంబర్‌షిప్ ఫైళ్లు, అంటే ముందే డబ్బు కట్టి ఏటా కొన్ని రోజులు రిసార్టు గదిలో ఉండేందుకు కొనుక్కున్న హక్కు కాగితాలు.

తెచ్చేవాళ్లు మన మధ్య ఉన్నవాళ్లే. మిర్యాలగూడ రైస్‌మిల్లు యజమాని, జడ్చర్ల డాక్టరు, నల్లగొండలో టీచర్లుగా చేస్తున్న భార్యాభర్తలు. ఎప్పుడో హైదరాబాద్ మాల్‌లో కూపన్ నింపి ఉంటారు. గిఫ్ట్ వచ్చింది, ఇద్దరూ కలిసి రావాలని ఫోన్ వస్తుంది. హోటల్ హాల్లో రెండు మూడు గంటలు కూర్చోబెడతారు. ఈ రేటు ఈ రోజుకే అంటారు. అక్కడికక్కడే సంతకం, క్రెడిట్ కార్డు మీద ఈఎంఐ. ఓ పదేళ్లకు పిల్లలు బెంగళూరుకో డల్లాస్‌కో వెళ్లిపోతారు. ఏటా మెయింటెనెన్స్ బిల్లు మాత్రం తప్పకుండా వస్తుంది. అప్పుడు ఫైలు బీరువాలోంచి బయటికి వస్తుంది. అందరూ అడిగేది ఒకటే: "సార్, దీన్ని అమ్మితే ఎంతొస్తది?"

ఈ వ్యాపారం కొత్తదేమీ కాదు. స్విట్జర్లాండ్‌లో 1963లో మొదలైన హాపిమాగ్ అనే కంపెనీ, ఒకే గది బదులు గదులు బుక్ చేసుకునే పాయింట్లు ఇచ్చే పద్ధతికి దారి వేసింది. అమెరికాలో 1974లో ఆర్‌సీఐ అనే సంస్థ వచ్చి, ఒకచోట కొన్న వారాన్ని మరోచోటికి మార్చుకునే వీలు కల్పించింది. మన దేశంలో స్టెర్లింగ్ 1986లో, మహీంద్రా హాలిడేస్ 1996లో మొదలయ్యాయి. మహీంద్రా హాలిడేస్ వాళ్ల క్లబ్ మహీంద్రాలో పేరుబడిన 25 ఏళ్ల పథకంలో ఏడాదికి ఏడు రోజులు, సీజన్‌ను బట్టి పర్పుల్, రెడ్, వైట్, బ్లూ అని రంగులు. పాయింట్ల పద్ధతిలోనూ సూత్రం ఇదే. గిరాకీ ఉన్న వారానికి, పెద్ద గదికి ఎక్కువ పాయింట్లు పోతాయి. ఖాళీ రోజులకు తక్కువ.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. అంకెలు నేను ఉదాహరణకు తీసుకున్నవే, పద్ధతి మాత్రం నిజంగా నేను చేసేదే. 4 లక్షలు పెట్టి 25 ఏళ్లకు కొన్నారు, 12 ఏళ్లు గడిచాయి, 13 మిగిలాయి అనుకుందాం. ఆ 4 లక్షలను ముందే పక్కన పెట్టేస్తాను. కొనబోయేవాడికి దానితో పనిలేదు. అలాంటి గది నేరుగా బుక్ చేసుకుంటే రాత్రికి 5 వేలు అనుకుంటే ఏడు రాత్రులకు 35 వేలు. జీఎస్టీతో కలిపి మెయింటెనెన్స్ 20 వేలు. అంటే కొన్నవాడికి ఏడాదికి మిగిలేది 15 వేలు. పదమూడేళ్లకు 1 లక్షా 95 వేలు. ఫైలు తెచ్చినవాళ్లు చాలామంది ఇక్కడిదాకా ఇంట్లోనే లెక్కేసుకుని వస్తారు.

అయితే పదమూడో ఏట మిగిలే 15 వేలు ఇవ్వాళ్టి 15 వేలతో సమానం కాదు. మన దగ్గర దీన్ని ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటే చదువురానివాళ్లకూ తెలుసు. నూటికి నెలకు రూపాయి, అంటే ఏడాదికి 12 శాతం చొప్పున ఆ పదమూడేళ్ల మిగులును ఇవ్వాళ్టి రూపాయల్లోకి దించితే 96 వేల చిల్లర అవుతుంది. రెండు రూపాయల వడ్డీకి డబ్బు తిప్పుకునే మనిషి కొంటున్నాడంటే అతని లెక్కలో అది 58 వేల చిల్లర. కాగితం అదే, ఏళ్లూ అవే. కొనేవాడి చేతిలోని రూపాయికి ఉన్న గిరాకీ మారితే ధర మారింది.

ఆ తర్వాతిది అసలు మెలిక. గది ప్రతి ఏడాదీ దొరుకుతుందా? టీచరు కుటుంబానికి దసరా, సంక్రాంతి, వేసవి తప్ప వేరే సెలవు లేదు. పిల్లలు బళ్లో ఉన్న ప్రతి ఇంటికీ ఆ రోజులే కావాలి. ఊటీ, మున్నార్, గోవాల్లో గదుల కోసం అందరూ ఒకేసారి ఎగబడేదీ అప్పుడే. మూడేళ్లలో రెండుసార్లే దొరికిందనుకోండి, సగటున ఏడాదికి దక్కే విలువ 35 వేల నుంచి 23 వేల చిల్లరకు పడిపోతుంది. మెయింటెనెన్స్ 20 వేలు అలాగే ఉంటుంది. గది దొరకని ఏడాదీ అది కట్టాల్సిందే. మిగులు 3,333 రూపాయలు. రూపాయి వడ్డీ లెక్కన కూడా మొత్తం విలువ 21 వేల చిల్లరే. అందులోంచి ట్రాన్స్‌ఫర్ ఫీజు తీసేయాలి. మహబూబ్‌నగర్ నుంచి మున్నార్‌కు నలుగురు వెళ్లిరావడానికి అయ్యే ఖర్చు నేనింకా కలపనేలేదు. ఏటా పెరిగే మెయింటెనెన్స్ కూడా కలపలేదు. గది అద్దెకంటే అది వేగంగా పెరిగితే, ఏదో ఒక ఏడాది ఆ కాగితం విలువ సున్నా దాటి కిందికి పోతుంది. అప్పుడు ఊరికే ఇస్తామన్నా తీసుకునేవాడు ఉండడు.

నల్లగొండ నుంచి వచ్చిన టీచరమ్మకు వాళ్ల ఫైలుకు ఇలాంటి లెక్కే కాగితం మీద వేసి చూపిస్తే, మొదట పెన్ను తీసుకుని మళ్లీ తనే గుణించి చూసుకుంది. లెక్కల టీచరు ఆమె. తేడా రాలేదు. "నాలుగు లక్షలు పెట్టినం సార్, ఇరవై వేలేనా?" అని ఆమె భర్త అడిగాడు. ఆమె మాత్రం వేరే ప్రశ్న వేసింది: "ఈ లెక్క ఆ రోజు హాల్లో ఎవరైనా వేసి చూపించిన్రా?" ఎవరూ చూపించలేదు. ధర ఎంతొస్తుందన్నది అమ్మేరోజు పుట్టే ప్రశ్న కాదు. కొనేరోజే అడగాల్సిన ప్రశ్న. ఆ రోజు ఐదు నిమిషాలు పట్టే గుణకారం పన్నెండేళ్ల తర్వాత చేస్తే ఒరిగేదేమీ ఉండదు.

ఇంకో చిక్కుంది. నేను వేసేది విలువ. అది ధర కావాలంటే కొనేవాడు నిలబడాలి. మన దగ్గర పాత మెంబర్‌షిప్‌లు నిజంగా ఎంతకు అమ్ముడుపోయాయో చెప్పే రికార్డు అందరికీ అందుబాటులో లేదు. ప్రకటనల్లో కనిపించేది అమ్మేవాడి ఆశ. రెండున్నర లక్షలకు పెట్టిన ప్రకటన ఏడాది తర్వాత కూడా అలాగే ఉందంటే, ఆ ధరకు ఎవరూ కొనలేదనే అర్థం. ప్రకటనల సగటు తీసి ధర చెప్పేవాళ్లను నేను నమ్మను.

టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడి మాటల్లో వేరే లోకం కనిపించింది. వాళ్ల స్నేహితుల్లో డిస్నీ వెకేషన్ క్లబ్ పాయింట్లు కొన్నవాళ్లున్నారు. 1991లో ఫ్లోరిడాలో మొదలైన పథకం అది. అక్కడ రీసేల్ ధర అంచనా వేయడం దాదాపు ఒక శాస్త్రమైపోయింది. దానికి కారణం తెలివితేటలు కావు, రికార్డులు. ఆ ఒప్పందాలు స్థిరాస్తి దస్తావేజుల్లా కౌంటీ కార్యాలయంలో నమోదవుతాయి. కట్టిన స్టాంపు పన్నును బట్టి ఎంతకు అమ్ముడైందో ఎవరైనా లెక్కకట్టొచ్చు. దాంతో ఏ రిసార్టు, ఒప్పందం 2042లో ముగుస్తుందా ఆ తర్వాతా, పాయింట్లు ఎన్ని, ఈ ఏటి పాయింట్లు వాడేశారా మిగిలి ఉన్నాయా అన్న నాలుగైదు విషయాలు తెలిస్తే పాయింటుకు ఎన్ని డాలర్లు పలుకుతుందో దగ్గరదగ్గరగా చెప్పేస్తారు. చిన్న ఒప్పందానికి పాయింటు ధర ఎక్కువ, ఎందుకంటే తక్కువ డబ్బుతో కొనగలిగేవాళ్లు ఎక్కువమంది. ధర మరీ తక్కువైతే అదే ధరకు కంపెనీ తానే కొనుక్కునే హక్కు కూడా ఉంది.

అంత పక్కా అంచనా కూడా ఒక్క నిబంధనతో తలకిందులవుతుంది. 2019 జనవరి 19 నుంచి రీసేల్‌లో కొన్నవాళ్లు ఆ పాయింట్లతో రివేరా వంటి కొత్త రిసార్టుల్లో దిగడానికి వీల్లేదని ఆ కంపెనీ నియమం పెట్టింది. రివేరా పాయింట్లనే రీసేల్‌లో కొంటే రివేరాలో తప్ప ఇంకెక్కడా పనికిరావు. కంపెనీ నుంచి కొత్తగా కొన్న పాయింటు, మరొకరి చేతిమీదుగా వచ్చిన పాయింటు అప్పటినుంచి ఒకటి కావు. మన మెంబర్‌షిప్ కాగితం చదివేటప్పుడు నేను ముందు వెతికేది ఈ వాక్యాన్నే. పేరు మారితే ఏ హక్కు పోతుంది? ఆ జవాబు సాధారణంగా చివరి పేజీల్లో, చిన్న అక్షరాల్లో ఉంటుంది.

ఇక్కడివాళ్లు హాలిడే పాయింట్లను ప్లాటుతో పోలుస్తారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. యాదగిరిగుట్ట చుట్టూ, షాద్‌నగర్, చౌటుప్పల్ వైపు గజాల లెక్కన ధరలు ఎలా లేచాయో ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల జనం కళ్లారా చూశారు. రీజినల్ రింగ్ రోడ్డు మాట వినిపించగానే ఎకరాల ధర ఎలా మారిందో చూశారు. కొన్నది ఏదైనా పెరుగుతుందన్న నమ్మకం అక్కడినుంచి వచ్చింది. ప్లాటు ధర అంచనా వేయడమూ తేలిక కాదు. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉండే విలువ వేరు, చేతులు మారే డబ్బు వేరు. ఒకే వెంచర్‌లో ఒకేసారి యాభైమంది అమ్మకానికి వస్తే ఎవరికీ రేటు రాదు. కానీ నేలకు గడువు తీరదు. ఇరవై ఏళ్లు వదిలేసినా సర్వే నంబరు చెరిగిపోదు. హాలిడే వారం అలా కాదు. ఈ డిసెంబరులో వాడుకోని ఏడు రాత్రులు, ఒప్పందంలో దాచుకునే వీలు లేకపోతే, జనవరి వచ్చేసరికి ఉండవు. ఏటా తరిగేదాన్ని పెట్టుబడి అని అమ్మడం తప్పు. ఈ మాటను నేను గట్టిగానే అంటాను. యూరోపియన్ యూనియన్ 2009లో తెచ్చిన నిబంధన కూడా టైమ్‌షేర్‌ను, అంటే ఇలాంటి హాలిడే వారాల పథకాన్ని, పెట్టుబడిగా ప్రచారం చేయకూడదని, అలా అమ్మకూడదని చెప్పింది. కొన్నవాళ్లు 14 రోజుల్లోగా కారణం చెప్పకుండా వెనక్కి తగ్గొచ్చని, ఆ గడువు తీరేదాకా పైసా తీసుకోకూడదని కూడా అందులో ఉంది.

మెంబర్‌షిప్ కొన్నవాళ్లను ఆశపోతులని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. పాలమూరులో ఇల్లు విడిచి వెళ్లడమంటే రెండు తరాల కిందట సెలవు కాదు, వలస. ముంబై బస్సెక్కి పనికి పోవడం. ప్రాజెక్టులు ఎక్కడ కడితే అక్కడికి మట్టి పనికి పోవడం. నల్లగొండలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిన ఊళ్లలో ఎవరూ విహారయాత్ర మాటెత్తి ఉండరు. ఆ ఇళ్లలోంచి చదువుకుని ఉద్యోగాల్లోకి వచ్చినవాళ్లు, భార్యాపిల్లలను ఏడాదికి ఒక వారం చల్లటి చోటికి తీసుకెళ్లాలనుకున్నారు. ఆ కోరిక చాలా మంచిది. ఏటా క్రమంగా వాడుకున్న కుటుంబాలు నాకు తెలుసు. వాళ్లు డబ్బు పోయిందని అనుకోరు, అనుకోనక్కర్లేదు కూడా. అలాంటివాళ్లకు నేను రీసేల్ ధర చెప్పనే చెప్పను. మిగిలిన ఏళ్లూ వాడుకోండి, పిల్లల పేరు మీదికి మార్చడానికి ఎంతవుతుందో కనుక్కోండి అంటాను. తక్కువ అంకె చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం పెంచి చెప్పను. మొహమాటానికి 50 వేలు అన్నానంటే, ఆ 50 వేల ఆశతో వాళ్లు ఇంకో రెండేళ్ల మెయింటెనెన్స్ కడతారు.

ఆ ఆశమీదే బతికేవాళ్లున్నారు. మీ మెంబర్‌షిప్‌ను మూడు లక్షలకు కొనే పార్టీ సిద్ధంగా ఉంది, ముందుగా ఎన్‌ఓసీ ఫీజు పంపండి, జీఎస్టీ పంపండి అని ఫోన్ చేస్తారు. మీ మెంబర్‌షిప్ నంబరు కూడా చెబుతారు. అమ్మేవాడు ముందు డబ్బు కట్టే బేరం ఎక్కడా లేదు. అలాంటి ఫోన్ నమ్మి డబ్బు పంపినవాళ్లు గంటలు గడవకముందే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. కొనేటప్పుడు చెప్పిన మాట ఒకటి, ఇచ్చిన కాగితం ఒకటి అయితే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే వివాదానికి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ల గడువు మాత్రమే ఉందని గుర్తుంచుకోండి.

మన దేశంలో టైమ్‌షేర్‌కు ప్రత్యేక చట్టం లేదు. 14 రోజుల వెనక్కితగ్గే హక్కు ఇక్కడా రావాలి. అది వచ్చేదాకా ఆ పద్నాలుగు రోజులు మనమే తీసుకోవాలి. హాల్లో సంతకం పెట్టకండి. ఒప్పందం కాపీ అడిగి ఇంటికి తెచ్చుకోండి, ఇవ్వనంటే లేచి వచ్చేయండి. ఇచ్చారంటే ఈ మెంబర్‌షిప్‌ను ఎనిమిదో ఏట అమ్మితే కంపెనీ ఎంతకు తీసుకుంటుందో రాసివ్వమని అడగండి.