మేడం స్టూలు లాక్కుని కూర్చున్నారు

మా చెల్లె బిడ్డ మెడిసిన్ చదువుతోంది. ఈ వారం ఫోన్లో తను చెప్పిన ముచ్చటకు ప్రాణం లేచొచ్చింది. వార్డులో ఒక ముసలామె "పానమంత గుంజుతాంది బిడ్డా" అన్నదట. ఒక విద్యార్థి కేస్‌షీట్లో "బాడీ పెయిన్స్" అని టకటకా రాసి తర్వాతి ప్రశ్నకు పోబోయాడు. వాళ్లకు పాఠం చెప్పే మేడం అతన్ని ఆపి, స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఎక్కడ గుంజుతాందమ్మా? నడిస్తెనా, పండుకుంటెనా?" అని అడిగి ఊరుకున్నారు. ముసలామె నిమ్మళంగా చెప్పుకొచ్చింది: మెట్లెక్కితే ఎడమ రెక్క గుంజుతుంది, ఆగితే తగ్గుతుంది. గుండెను అనుమానించాల్సిన మాట అది! పిల్లవాడి తొందరపాటు గురించి మేడం రోగి ముందు ఏమీ అనలేదు, వరండాలోకి వచ్చాకే చెప్పారు.

రోగి మాట రోగి నోటనే వినాలని ఈ కాలమ్‌లో ఎప్పుడూ పోరుతూనే ఉంటాను. మన వరంగల్‌లోని ఆరోగ్య విశ్వవిద్యాలయానికి జనం పలుకుబడి కోసం కొట్లాడిన కాళోజీ పేరుంది. ఆ పలుకుబడికి వార్డులో చోటు దొరకాలి.

పాఠం చెప్పే గుణం పుట్టుకతో రావాలన్నది నా మరో పాత పట్టుదల. ఆపరేషన్ చేసే నేర్పు వేరు, తన చేతిని ఆపుకుని విద్యార్థి చేత కుట్లు వేయించే ఓపిక వేరు. ఈ మేడం కూడా పుట్టు పంతులమ్మే అనుకున్నాను. కాదట. జాతీయ వైద్య కమిషన్ అధ్యాపకులకు తప్పనిసరి చేసిన వైద్యవిద్య ప్రాథమిక కోర్సులో ఆమె చిన్న పాఠమొకటి చెప్పారు. తోటి అధ్యాపకులు విని, "ప్రశ్నా మీదే, జవాబూ మీదే" అన్నారట. అప్పటినుంచి ప్రశ్న వేశాక ఆగడం సాధన చేశారు. వార్డులో ముసలామె నోరు విప్పింది ఆ సాధన వల్లనే. నేర్పడమూ నేర్చుకుంటే వచ్చేదే.

2019లో ఎంబీబీఎస్ సిలబస్ మారి, రోగితో మాట్లాడే తీరు కూడా పాఠమైంది. అది ముందు చెప్పేవాళ్లకు రావాలి కదా. ఉమ్మడి వరంగల్ జిల్లాకు ఏళ్ల తరబడి ప్రభుత్వ మెడికల్ కాలేజీ అంటే 1959లో మొదలైన కాకతీయ ఒక్కటే. 2022 నుంచి మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేటలకూ వచ్చాయి. వీటన్నిటికీ పాఠం చెప్పడం వచ్చిన అధ్యాపకులు కావాలి. అందుకే పదోన్నతి ఫైలులో పరిశోధన పత్రాలతో పాటు, ఆ అధ్యాపకుడు పాఠం ఎలా చెప్తాడో విద్యార్థులు, సహచరులు రాసిన మాట కూడా ఉండాలి. ఆ పనికి కాళోజీ విశ్వవిద్యాలయమే ముందు పూనుకోవాలని నా విన్నపం.