లోతు లెక్క

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కిరణ శక్తిని ఎంచే మెడికల్ ఫిజిసిస్ట్ రోగికి కనిపించడమే అరుదు. కణితి కటి నడుమ, చర్మానికి సుమారు 10 సెంటీమీటర్ల లోతున ఉంటుంది. 6 ఎంవీ (మెగావోల్టుల) కిరణం 1.5 సెంటీమీటర్ల లోతు దగ్గరే గరిష్ఠ మోతాదు ఇచ్చి, ఆ లోతుకు చేరేసరికి మూడింట రెండు వంతులకు తగ్గుతుంది. 15 ఎంవీ ముప్పాతికకు పైగా నిలుపుకుంటుంది. నాలుగు వైపుల నుంచి ఇచ్చే పాత పద్ధతిలో, అందులోనూ ఒళ్లు భారీగా ఉన్నవారికి, ఎక్కువ శక్తే మేలు. అయితే 10 ఎంవీ దాటితే కిరణాలిచ్చే యంత్రం తలలో అనవసర న్యూట్రాన్లు పుడతాయి. అనేక కోణాల నుంచి తీవ్రత మార్చుతూ ఇచ్చే ఐఎంఆర్‌టీలో ఆ బెడద లేకుండా 6 ఎంవీయే సరిపోతుంది. ఫిజిసిస్ట్ చేసే ఈ ఎంపిక అచ్చమైన పనితనం: సీటీ చిత్రంపై పేగులు, మూత్రాశయం, పురీషనాళం తప్పించి గీసిన లెక్క. జంపని అనే ఊరి నుంచి చికిత్సకు గుంటూరు వెళ్లే మహిళకు, దాదాపు ఐదు వారాల చికిత్సలో విరేచనాలు, చర్మం మంట తగ్గేది ఆ లెక్క వల్లే.