కాళ్ల కింది అడవి

ఎల్బీ నగర్ చౌరస్తా దాటి విజయవాడ రోడ్డు పట్టుకుంటే వనస్థలిపురం దగ్గర మహావీర్ హరిణ వనస్థలి వస్తుంది. మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం గుర్తుగా 1975లో పెట్టిన ఈ జింకల పార్కు 1994లో జాతీయ ఉద్యానవనమైంది. మహావృక్షాలు చూద్దామని వెళ్లినవాళ్లు "ఇదేం అడవి, అన్నీ తుప్పలేగా" అని పెదవి విరుస్తారు. కృష్ణజింకకు కావలసింది మాత్రం ఆ తుప్పల నడుమ గడ్డే. ప్రమాదం వస్తే పొదలో నక్కే జంతువు కాదది, పరుగునే నమ్ముకుంది.

మన సర్కారీ లెక్క పైనుంచి చూస్తుంది. ఉపగ్రహ చిత్రంలో చెట్ల కప్పు 70 శాతం ఉంటే బాగా దట్టమైన అడవి, 10 లోపైతే ఉత్త తుప్పలు. ఫిన్లండ్ అటవీశాస్త్రవేత్త కాయాండర్ 1909లో చూపు కిందికి దించాడు. చెట్లను నరికేస్తారు, మారుస్తారు; నేల గుణం తెలియాలంటే వాటి కింద పెరిగేవి చూడాలన్నాడు. లైకెన్లు పరుచుకుంటే ఎండు నేల, బిల్‌బెర్రీ పొదలుంటే మధ్యరకం, మన పులిచింత జాతి మొక్కలూ తోడైతే సారవంతం. అక్కడ అటవీ భూముల పన్నుకూ ఈ వర్గీకరణే ఆధారమైంది. మన దగ్గరా చెట్టునూ పుట్టనూ చూసి నీటి జాడ చెప్పే విద్యను ఆరో శతాబ్దంలోనే వరాహమిహిరుడు బృహత్సంహితలో రాసిపెట్టాడు.

అయితే మన చెలకల్లో మొక్క నేల గురించే కాదు, మేక గురించీ చెబుతుంది. తంగేడు, బందారు గుబురుగా ఉన్నాయని నేల నాసిరకమని రాసేయకూడదు. రెంటినీ పశువులు పెద్దగా ముట్టవు. మిగతావి మేసేశాక ఇవి మిగిలి ఉండొచ్చు. అందుకే గడ్డి చూడాలి. శాస్త్రవేత్తలు దబడ్‌ఘావ్, శంకరనారాయణ్ 1973లో దేశంలోని గడ్డినేలలను వర్గీకరించినప్పుడు దక్కనుది సెహిమా–డైకాంథియం రకమన్నారు. మేత మితిమీరితే సెహిమా గడ్డి తగ్గి హెటిరోపోగాన్ పెరుగుతుంది, చివరికి అరిస్టిడా మిగులుతుంది. హెటిరోపోగాన్‌ను ప్యాంటే పట్టిస్తుంది: గింజలు ముల్లులా గుచ్చుకుంటాయి. ఎండితే మెలిపడే వాటి తోక తడి తగిలితే మెలి విప్పుకుంటూ తిరిగి గింజను మట్టిలోకి దింపుతుంది.

ఏ గడ్డి ఎంతుందో తెలియాలంటే వానాకాలం చివర్లో మీటరు పొడవు, మీటరు వెడల్పు కర్ర చట్రం నేల మీద పెట్టి, లోపల ఏది ఎంత మేర పరుచుకుందో రాసుకోవాలి. పేరు తెలియకపోతే దుబ్బు మొదలు చూడాలి. పాత మోళ్లతో గట్టిగా ఉంటే ఏళ్ల తరబడి బతికే గడ్డి. లాగగానే వేళ్లతో సహా ఊడివస్తే చాలావరకు ఈ వానకు మొలిచిందే.

2015లో తెలంగాణలో మొదలైన హరితహారం కార్యక్రమం 230 కోట్ల మొక్కలు నాటడం లక్ష్యంగా పెట్టుకుంది. నా మట్టుకు నాకు, ఏ గుంత తవ్వేముందైనా ఈ చట్రం పెట్టి చూడాలి. సెహిమా ఉన్నచోట గడ్డపార దించకూడదు. అరిస్టిడా ఒక్కటే మిగిలినచోట ముందు మేత ఆపాలి. వయ్యారిభామ చొరబడినచోట మాత్రం ఆలోచన అక్కర్లేదు, పూత రాకముందే పీకేయాలి, అదీ చేతులకు తొడుగులు వేసుకుని.