కెప్టెన్ ఎప్పుడు దిగాలి? ఎవరికి ఇచ్చి దిగాలి?

2017 జూలై 23, ఆదివారం. నేను అప్పుడు చిన్న తరగతిలో ఉంటిని. నాయన, చిన్నాయన, అవ్వ, నేను అందరం టీవీ ముందర కూర్చొని లార్డ్స్ మైదానంలో మహిళల ప్రపంచకప్ ఫైనల్ చూస్తిమి. ఇంగ్లండ్ 228 కొట్టింది. మనవాళ్లు 3 వికెట్లకు 191 దాకా వచ్చేసినారు. చిన్నాయన అప్పుడే స్వీట్లు తెద్దామని చొక్కా వేసుకొనె. తర్వాత 28 పరుగుల్లో 7 వికెట్లు పోయినాయి. 9 పరుగుల తేడాతో ఓడిపోతిమి. చిన్నాయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేసినాడు.

ఆ జట్టు కెప్టెన్ మిథాలి రాజ్. ఆమె గురించే ఈ వ్యాసం. ఆమెను పొగడ్డానికి రాయడం లేదు, తిట్టడానికీ కాదు. ఆమె ఎప్పుడు కెప్టెన్సీ వదలాల్సింది, ఎవరికి ఇవ్వాల్సింది అనేదే నా ప్రశ్న.

మిథాలి అంటే మన ఊరి వాళ్లకు ఒక ప్రత్యేకం ఉండాది. ఆమెది తమిళ కుటుంబం, పెరిగింది హైదరాబాదులో. మనం దానికి తలకిందులు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆమె ఇంట్లో తమిళం, వీధిలో తెలుగు. అందుకే ఆమె బ్యాటు పట్టుకొని దిగితే మా ఇంట్లో "మన పిల్ల" అనేవాళ్లు. ఏ లెక్కన మన పిల్లో ఎవరూ అడగలేదు.

ఆమె ఆట గొప్పదనే విషయంలో వాదన లేదు. 1999లో మొదటి వన్డేలోనే ఐర్లాండ్ మీద 114 నాటౌట్. అప్పుడు వయసు 16. 2002లో టాంటన్‌లో ఇంగ్లండ్ మీద టెస్టులో 214. మొత్తం 232 వన్డేల్లో 7805 పరుగులు. కెప్టెన్‌గా రెండు ప్రపంచకప్ ఫైనళ్లు, 2005లో ఒకటి, 2017లో ఒకటి. రెండూ ఓడిపోయినారు. అయినా ఆ ఫైనళ్లు లేకపోతే ఈరోజు మన బడి మైదానంలో ఆడపిల్లలు బ్యాటు పట్టుకొనేవాళ్లు కాదని నేను నమ్ముతాను.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. లార్డ్స్ ఓటమి తర్వాత మిథాలికి 34 ఏళ్లు. అదే కప్పు సెమీఫైనల్లో ఆస్ట్రేలియా మీద 171 నాటౌట్ కొట్టిన హర్మన్‌ప్రీత్ కౌర్‌కు 28. టీ20 కెప్టెన్సీ 2016లోనే హర్మన్ చేతికి పోయింది. వన్డేలది మాత్రం మిథాలి దగ్గరే ఉండె. అంటే ఒకే జట్టుకు ఇద్దరు నాయకులు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అని పెద్దవాళ్లు చెప్తారు గదా, అదే జరిగింది.

2018 నవంబర్‌లో వెస్టిండీస్‌లో టీ20 ప్రపంచకప్. మిథాలి పాకిస్తాన్ మీద, ఐర్లాండ్ మీద అర్ధసెంచరీలు చేసింది. తర్వాత దెబ్బ తగిలి ఆస్ట్రేలియా మ్యాచ్ ఆడలేదు. ఆ మ్యాచ్ గెలిచినారు. గెలిచిన జట్టును మార్చం అనేసి సెమీఫైనల్లో కూడా ఆమెను బయట కూర్చోబెట్టినారు. 112కే అందరూ అవుట్. ఇంగ్లండ్ 8 వికెట్లతో సులువుగా గెలిచింది. ఆ తర్వాత మిథాలి కోచ్ మీద బోర్డుకు లేఖ రాసింది. గొడవ పేపర్లకు ఎక్కింది. ఇద్దరిలో ఎవరిది తప్పు అని తేల్చడం నా పని కాదు. నేను చెప్పేది ఒకటే. 2017లోనే వన్డే పగ్గాలు కూడా హర్మన్‌కు ఇచ్చేసి, మిథాలి ఉత్త బ్యాటర్‌గా ఆడి ఉంటే, ఈ పోటీకి చోటే ఉండేది కాదు. పెద్దక్క సలహా చెప్పే చోట ఉండేది, చెల్లెలు నిర్ణయం చేసే చోట ఉండేది.

దీనికి మా నాయన ఒప్పుకోడు. ఆయన మాటలో కూడా న్యాయం ఉండాది కాబట్టి రాస్తున్నాను. "బాగా ఆడేదాన్ని ఎందుకు దిగమంటావు? 2021లో ఇంగ్లండ్‌లో వరసగా మూడు వన్డేల్లో 72, 59, 75 నాటౌట్ కొట్టింది. ఆడేదానికి చేతనైతే నడిపేదానికి చేతకాదా?" అంటాడు. ఇంకో మాట కూడా అంటాడు. మగవాళ్ల జట్టు కెప్టెన్ దిగినా అతనికి ఏడాదంతా మ్యాచులు ఉంటాయి. ఆడవాళ్లకు 2014 నవంబర్ నుంచి 2021 జూన్ దాకా ఒక్క టెస్టు కూడా లేదు. అంత తక్కువ ఆట ఉన్న చోట కెప్టెన్సీ వదిలితే ఆ మనిషి మాట ఎవరు వింటారు? ఈ ప్రశ్నకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఆడడం వేరు, నడపడం వేరు అనేది నేను వదలను.

ధోనిని చూడండి. మన తమిళనాడులో ఆయన "తల". 2014 డిసెంబర్‌లో ఆస్ట్రేలియాలో సిరీస్ మధ్యలోనే టెస్టులు వదిలేసినాడు. 2017 జనవరిలో మిగతా కెప్టెన్సీ కూడా కోహ్లికి ఇచ్చి, అతని కింద 2019 ప్రపంచకప్ దాకా ఆడినాడు. కొత్త కెప్టెన్‌కు రెండేళ్ల పైన టైం దొరికింది. వెనక కీపర్‌గా పాత కెప్టెన్ నిలబడి ఫీల్డర్లను జరుపుతుంటే కోహ్లికి చిన్నతనం అనిపించలేదు. ఇది మంచి పద్ధతి. అదే ధోని చెన్నై జట్టులో ఏం చేసినాడు? 2022లో జడేజాకు ఇచ్చి సీజన్ మధ్యలో మళ్లీ తీసుకొనె. 2024లో రుతురాజ్‌కు ఇస్తే, 2025లో అతనికి దెబ్బ తగిలి మళ్లీ ధోనియే. ఇట్ల ఇచ్చి తీసుకొంటూ ఉంటే కొత్తవాడు ఎట్ల పెరుగుతాడు? ఇది రాసినందుకు మా క్లాసులో నాతో ఎవరూ మాట్లాడరేమో, అయినా రాస్తున్నాను.

దిగేది అనేసరికి నాకు మన విరుదునగర్ బిడ్డ కామరాజర్ గుర్తుకొస్తాడు. 1954 నుంచి ముఖ్యమంత్రి. ఎవరూ దించకముందే 1963 అక్టోబర్ 2న తానే దిగి, పార్టీ పనికి పోయె. అంత పెద్ద కుర్చీని అట్ల వదిలిన మనిషి అరుదు. కానీ కథ అక్కడ నిలవలేదు. ఆయన తర్వాత వచ్చిన భక్తవత్సలం ప్రభుత్వం 1965 హిందీ వ్యతిరేక పోరాటంలో జనానికి దూరమయ్యింది. 1967లో పార్టీ ఓడె, కామరాజర్ కూడా విరుదునగర్‌లోనే ఓడిపోయె. కాబట్టి దిగేది ఎంత ముఖ్యమో, ఎవరి చేతికి ఇచ్చి దిగినామనేదీ అంతే ముఖ్యం.

మిథాలి 2022 దాకా ఉండె. ఆ ఏడాది న్యూజిలాండ్‌లో ప్రపంచకప్. 7 మ్యాచుల్లో 3 గెలుపులు. చివరి మ్యాచ్‌లో దక్షిణాఫ్రికా మీద ఆమె 68 కొట్టింది, అయినా ఆఖరి ఓవర్లో ఒక నోబాల్ పడి, ఆఖరి బంతికి ఓడిపోతిరి. సెమీస్‌కు పోలేదు. జూన్ 8న రిటైర్ అయింది. అప్పటికి 39 ఏళ్లు. హర్మన్‌కు వన్డే పగ్గాలు దొరికేసరికి 33. ఐదేళ్లు వృథా అయినాయని నా లెక్క.

హర్మన్ కూడా మచ్చ లేని కెప్టెన్ కాదు. 2023లో ఢాకాలో కోపంతో బ్యాటుతో వికెట్లను కొట్టి రెండు మ్యాచుల నిషేధం తెచ్చుకొనింది. 2024 టీ20 ప్రపంచకప్‌లో జట్టు లీగ్ దశలోనే ఇంటికొచ్చింది. అప్పుడు ఆమెను తీసేయమని ఎంతమంది అన్నారో! నేను కూడా అంటిని, దాచడం ఎందుకు? తీసేసి ఉంటే 2025 నవంబర్ 2 వచ్చేదా? నవీ ముంబైలో దక్షిణాఫ్రికాను 52 పరుగులతో ఓడించి మొదటిసారి కప్పు గెలిచినారు. ఆ జట్టులో కడప జిల్లా పిల్ల శ్రీచరణి కూడా ఉండాది, ఆ కప్పులో 14 వికెట్లు. గెలిచినాక హర్మన్ వాళ్లు కప్పును తీసుకొనిపోయి మిథాలి చేతిలో, ఝులన్ గోస్వామి చేతిలో పెట్టినారు. 2018లో అంత గొడవ జరిగినవాళ్లే. మా అవ్వ అది చూసి కళ్లు తుడుచుకొనె.

సరే, ఇప్పుడు మళ్లీ అదే ప్రశ్న. కప్పు గెలిచేటప్పటికి హర్మన్‌కు 36 ఏళ్లు. వచ్చే వన్డే ప్రపంచకప్ 2029లో. అప్పటికి ఆమెకు 40, అంటే 2022 నాటి మిథాలి కంటే పెద్దది. కప్పు చేతిలో ఉన్నప్పుడు దిగమని చెప్పేదానికి ఎవరికీ నోరు రాదు. కానీ వన్డే పగ్గాలు స్మృతి మంధానకు ఇచ్చేదానికి ఇదే సరైన సమయం అని నా అభిప్రాయం. కప్పు గెలిచేటప్పటికి స్మృతికి 29. వైస్ కెప్టెన్‌గా ఉండాది, 2024లో బెంగళూరు జట్టును విమెన్స్ ప్రీమియర్ లీగ్‌లో గెలిపించింది. టీ20లకు మాత్రం 2026 జూన్‌లో ఇంగ్లండ్‌లో జరగాల్సిన ప్రపంచకప్ దాకా హర్మనే ఉండనీ, ముందర ఇంత దగ్గరలో టోర్నీ పెట్టుకొని మార్చకూడదు. ఆ తర్వాత రెండూ ఒకరికే. ఎన్నేళ్లయినా ఇద్దరు కెప్టెన్ల సంసారం మళ్లీ వద్దు.

మా చెల్లెలు ఎనిమిదో తరగతి. ఈ వ్యాసం చదివి పేపర్ నా మీద విసిరేసింది. 2029లో కూడా హర్మనే ఉండాలట, జెమీమా వైస్ కెప్టెన్ అట. మా ఇంట్లో ఈ పంచాయితీ ఇంకా తెగలేదు.